పండు ఈగకు లవంగం వాసన: మా మామిడి తోటలో సీసాల డైరీ

మార్చి 23, ఆదివారం

ముందే చెప్పేస్తున్నా, నేను రైతును కాదు. కలిగిరిలో మోటార్ల రివైండింగ్ షాపు నాది. వింజమూరు పక్కన అమ్మ పేరు మీద రెండెకరాల మామిడి తోట ఉంది, మొత్తం డెబ్బై నాలుగు చెట్లు, బంగినపల్లి ఎక్కువ, పడమటి గట్టు వెంట రెండు వరసలు తోతాపురి. ఆదివారం తప్ప నేను అటు పోయేది తక్కువ.

పోయినేడు తోట గుత్తకిచ్చాం. చివరి కోత కాయలు మండీలో కోసి చూస్తే లోపల తెల్ల పురుగులు బయటపడ్డాయట, గుత్తదారు మాకివ్వాల్సిన ఆఖరి విడతలో ఆ మేరకు పట్టుకుని ఇచ్చాడు. ఆయన్ని తప్పు పట్టలేం. పైకి నిగనిగలాడే కాయ, తొక్క మీద సూదితో గుచ్చినంత చుక్క, దాని చుట్టూ ఎండిన జీడి, అంతే కనిపించేది. లోపల గుజ్జు జావ. అప్పటి నుంచి అమ్మ ఒకటే మాట, "ఈ తూరి గుత్త వద్దురా, మనమే కోసి అమ్ముకుందాం" అని. అమ్ముకోవాలంటే ముందు ఈ ఈగ సంగతి తేల్చాలి.

మందు కొడితే పోదా అని అందరూ అడుగుతారు. ఆడ ఈగ పక్వానికొచ్చే కాయ తొక్కలోకి గొట్టం దింపి గుడ్లు పెట్టేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పురుగులు పొదుగుతాయి, వారం చిల్లర లోపలే తిని, కాయ రాలాక మట్టిలోకి దూరి, మళ్లీ వారం పదిరోజులకు ఈగై లేస్తాయి. మనం పైన కొట్టే మందు కాయ లోపలి పురుగును అందుకోదు. పైగా రేపో మాపో కోసే కాయ మీద మందు కొట్టి అదే మనవళ్ల చేతిలో పెట్టాలంటే అమ్మ ససేమిరా ఒప్పుకోదు. అందుకని ఈ ఏడాది వాసనతో కొట్టి చూద్దామనుకున్నా.

ఆ వాసన పేరు మిథైల్ యూజెనాల్. తులసిలో ఉంటుంది, ఇంకా చాలా మొక్కల ఆకుల్లో, పూలల్లో ఉంటుంది. దీని కథ మన దేశంలోనే మొదలైంది. బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త ఉండేవాడు. దోమలు రాకుండా వాడిన సిట్రోనెల్లా నూనెకు పండు ఈగలు వచ్చి మూగడం ఆయన కంట్లో పడింది, 1912లో దాని మీద రాశాడు. ఆ నూనెలో ఈగల్ని లాగుతున్న పదార్థం మిథైల్ యూజెనాల్ అని 1915 నాటికి తేల్చాడు. దోమలకు పనికొచ్చిందో లేదో గాని, ఈగల గుట్టు అట్టా బయటపడింది.

ఇంకో విచిత్రం, ఈ వాసనకు వచ్చేది మగ ఈగలే. మగ ఈగ దాన్ని నాకి, కడుపులో మార్చుకుని, ఆడ ఈగను పిలిచే సొంత సెంటుగా వాడుకుంటుంది. పెళ్లికి పోయే ముందు అత్తరు పూసుకున్నట్టు. దాని అత్తరు కొట్లోనే మనం విషం పెడితే మగవి పోతాయి, మగవి పోతే ఆడవి పెట్టే గుడ్లు పొదగవు. లెక్క కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

మార్చి 30

పాళ్లు ఇవి: ఇథైల్ ఆల్కహాల్ ఆరు వంతులు, మిథైల్ యూజెనాల్ నాలుగు వంతులు, మలాథియాన్ అనే పురుగుమందు ఒక వంతు. ఈ మిశ్రమంలో అయిదు సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్కల్ని రెండు మూడు రోజులు నాననిచ్చి సీసాలో వేలాడదీయాలి. షాపులో తయారు ముక్కలు, లూర్లు (వాసన ఎరలు) దొరుకుతాయి, "లింగాకర్షక బుట్ట" అనడిగితే ఇస్తారు. నిజానికి ఇది ఆడపురుగు వాసన కాదు, మొక్క వాసన, కానీ కౌంటర్ దగ్గర ఆ వాదన పెట్టుకుంటే బేరం తెగదు. నాకేమో చేతులు ఊరుకోవు, సొంతంగా చేద్దామని కూర్చున్నా.

ఆల్కహాల్ నెల్లూరులో ల్యాబ్ సామాను అమ్మే దుకాణంలో తెచ్చా. మా బాబాయి మాత్రం "ఒక క్వార్టర్ పోస్తే పోలా, నాకు రెండు గుక్కలు మిగులుద్ది" అన్నాడు. క్వార్టర్‌లో సగానికి పైగా నీళ్లే బాబాయ్ అంటే మొహం మాడ్చుకున్నాడు.

చెక్క దగ్గర అతి తెలివికి పోయా. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసే ఇళ్లున్నాయి, జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చిన పని అది. మోటార్ రిపేరుకని అటు పోయినప్పుడు తెలిసినాయన దగ్గర తరుగు ముక్కలు ఒక సంచెడు అడిగి తెచ్చా, కోతపని తప్పుతుంది గదా అని. "ఏం చేస్తావు భాయ్ వీటితో" అంటే "ఈగలకు సెంటు పూస్తా" అన్నా, నవ్వాడు. మూడు రోజులు నానబెట్టి తూకం వేశా, ముక్క బరువు నానకముందు ఎంతో దాదాపు అంతే. చెంచా చెక్క గదా, సాంబారులో ఏళ్ల తరబడి మునిగినా పీల్చకూడదనే అంత గట్టి చెక్క తీసుకుంటారు. నాకు కావలసింది సరిగ్గా దానికి తిరగబడ్డ చెక్క. మళ్లీ పాత ప్లైవుడ్ స్విచ్ బోర్డులు కోసి నానబెట్టా, అవి గటగటా తాగేశాయి.

గ్లవ్స్ వేసుకుని, వరండాలో, గాలి ఆడేచోట చేశా. అయినా ఇల్లంతా లవంగాల వాసన. అమ్మ సాయంత్రం గుడి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగి "బిర్యానీ చేస్తా ఉండావా?" అంది.

ఏప్రిల్ 6

లీటరు నీళ్ల సీసాలు పన్నెండు. సోల్డరింగ్ ఐరన్‌తో పక్కల నాలుగేసి బెజ్జాలు, మూతలోంచి తీగ, తీగ చివర చెక్కముక్క. ముఖం ఎత్తులో, ఎండ నేరుగా తగలని కొమ్మలకు కట్టా. ఆరు మా పడమటి ఎకరాకు మాత్రమే, రెండో ఎకరా ఖాళీగా వదిలేశా, తేడా చూద్దామని. మిగతా ఆరు తర్వాతకు.

దీంతోపాటు అమ్మ కోసం ఒక తులసి ప్రయోగం. కేరళలో తులసి ఆకు నలిపి కొబ్బరి చిప్పల్లో పెట్టి ఈగల్ని పట్టడం పాత పద్ధతే, అందులో విషం గుళికలు కూడా వేసేవాళ్లు. మేం విషం లేకుండా, ఒట్టి ఆకు, కాసిని నీళ్లు. మా పెరట్లో రెండు తులసి చెట్లున్నాయి, ఒకటి నల్లది, ఒకటి పచ్చది. రెండూ విడివిడిగా పెట్టా.

గంట లోపలే నల్ల తులసి చిప్ప మీద పదకొండు ఈగలు. పచ్చదాని మీద రెండు. తులసి అంతా ఒకటి కాదు, కొన్ని చెట్లలో యూజెనాల్ ఎక్కువ, కొన్నింట్లో ఈగల్ని లాగే మిథైల్ యూజెనాల్ ఎక్కువ. నేను దగ్గరికి మొహం పెట్టినా అవి కదల్లేదు. మామూలు ఇంటీగ అంత సైజు, కందిరీగలా సన్నటి నడుం, వీపు మీద రెండు పసుపు గీతలు, పొట్ట మీద నల్లటి టీ ఆకారం. మూతి కిందికి చాపి ఆకు నలిగిన చోటల్లా తడుముతున్నాయి, ఒకటి రెక్కలు విప్పి మూసి విప్పి మూసి, కల్లు కాంపౌండ్‌లో కూర్చున్నోడిలా కదలదు మెదలదు. చూడ్డానికి బాగుంది. సాయంత్రానికి ఆకు వాడిపోయింది, ఈగలు కడుపునిండా తాగి ఎగిరిపోయాయి. అంటే మేం వాటికి ఉచితంగా అత్తరు పంచామన్నమాట. తులసి ప్రయోగం అంతటితో బంద్.

ఏప్రిల్ 13

ఆరు సీసాలకు గాను నాలుగింట్లో సున్నా. రెండింట్లో మూడూ, అయిదూ. టెన్షన్ వచ్చింది, మిశ్రమం తప్పానా అని. అయిదో సీసా విప్పుతుంటే అడుగున ఈగ రెక్కలు కనిపించాయి, ఒట్టి రెక్కలు, ఒళ్లు లేదు. తీగ వెంట చూస్తే చీమల బారు. చచ్చిన ఈగల్ని ముక్కలు చేసి పుట్టకు మోసుకుపోతున్నాయి, రెక్కలు మాత్రం వద్దనుకున్నట్టున్నాయి. బేరింగుల గ్రీజు ఒక వేలెడు తీసి తీగలకు పట్టించా. షాపు పని తోటకు పనికొచ్చింది ఇక్కడ ఒక్కచోటే.

ఏప్రిల్ 27

ఈసారి ఈగలు. లెక్కపెట్టడం నా వల్ల కాలేదు, పిల్లల సిరప్ సీసా మూత తీసుకుని పది మిల్లీలీటర్ల గీత దాకా ఎండిన ఈగల్ని నింపి ఒకసారి లెక్కపెడితే నూట నలభై చిల్లర వచ్చాయి, ఇక నుంచి మూతల లెక్కే. ఆరు సీసాలకు కలిపి నాలుగు మూతలు. ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టా. "శభాష్", "మాకూ చేసివ్వు". బాగా గర్వపడ్డా, రాసుకోవడం ఎందుకంటే తర్వాత సంగతి ఉంది.

మే 4

పందిరి. తోట మూలన అమ్మ కాకర పందిరి వేసింది, పది సెంట్లు. అక్కడా ఈగ కాటు, పిందెలు వంకర తిరిగి పసుపెక్కి కుళ్లుతున్నాయి. కొనేటప్పుడు షాపతను "అన్నిటికీ ఇదే వాసనండీ, మామిడైనా కాకరైనా" అన్నాడు గదా అని పోయిన వారమే రెండు సీసాలు పందిరికి కట్టాను. ఈరోజు విప్పితే ఒకటిన్నర మూత ఈగలు. కానీ కాకర కుళ్లు తగ్గలేదు.

సీసాలో ఈగల్ని, పందిరి మీద వాలిన ఈగల్ని పక్కపక్కన పెట్టి చూస్తే గాని అర్థం కాలేదు. పందిరి మీద ఉన్నది ఎర్రటి గోధుమ రంగు, రెక్క చివర మచ్చ ఉంది. అది గుమ్మడి జాతి ఈగ, దానికి మిథైల్ యూజెనాల్ పట్టదు. దానికి క్యూ లూర్ అని వేరే ఉంది, రాస్ప్‌బెర్రీ పండు వాసనకు దగ్గరి చుట్టం. సీసాలో పడ్డవి మామిడి తోట నుంచి షికారుకొచ్చిన మగవి. కాకరతో వాటికి పని లేదు. క్యూ లూర్లు తెచ్చి మార్చా. షాపతనికి చెప్తే "ఈగ ఈగేగా సార్" అన్నాడు.

మే 18

నిన్న బంగినపల్లి రెండో కోత. సీసాలు దండిగా నిండుతున్నాయి, వారానికి ఏడు మూతలు. ఇంట్లో గడ్డిలో ముగ్గేసిన ఇరవై కాయలు ఈరోజు కోశాం. అయిదింట్లో పురుగులున్నాయి.

ఇరవైకి అయిదు. వెయ్యి ఈగల్ని చంపి.

ఇంకా ఇబ్బంది ఏమిటంటే సీసాలు లేని రెండో ఎకరా కాయల్లోనూ, ఉన్న ఎకరా కాయల్లోనూ తేడా లేదు. తేడా ఎట్లా ఉంటుంది, ఈ వాసనకు వందల మీటర్ల అవతలి నుంచి ఈగలొస్తాయి, నేను ఎకరాకు గీత గీస్తే ఈగ ఆగుతుందా. ప్రయోగం పెట్టిన పద్ధతే తప్పు.

రాత్రి పడుకుని ఆలోచిస్తే మా షాపు సంగతే గుర్తొచ్చింది. రైతు మోటార్ తెచ్చి "ఆంప్స్ బాగానే లాగుతుంది, నీళ్లు మాత్రం రావట్లా" అంటాడు. ముల్లు తిరుగుతుంది, కరెంటు బిల్లు వస్తుంది, పైపులో చుక్క ఉండదు. నేను నెల రోజులుగా ఆంప్స్ చూసి సంబరపడుతున్నా. సీసాలో ఈగలు ఆంప్స్. కాయ కోస్తే పురుగు ఉందా లేదా, అదీ నీళ్లు.

మగ ఈగ ఒక్కటి మిగిలినా చాలా ఆడ ఈగలతో కలుస్తుంది. పదింట తొమ్మిది మగవాటిని పట్టినా మిగిలిన ఒక్కటి పని కానిచ్చేస్తుంది. పైగా పక్క తోటలో కలిసిన ఆడ ఈగ కడుపుతో మా తోటకు వస్తే నా సీసాకు అది కనపడనే కనపడదు, వాసనకు రాదు గదా. 1960ల మొదట్లో పసిఫిక్‌లోని రోటా దీవిలో ఈ వాసన, విషం నానబెట్టిన ముక్కల్ని విమానాల్లోంచి దీవంతటా చల్లి ఈగను నామరూపాల్లేకుండా చేశారు. జపాన్ వాళ్లు ఒకినావాలో మామిడికి పట్టే ఈగను ఇట్టాగే ఊడ్చేసి 1986 నాటికి లేదనిపించారు. అవి దీవులు, చుట్టూ సముద్రం. నాకు చుట్టూ బాబాయి.

మే 25

రోహిణి కార్తె మొదలు, పదింటికే నేల కాలిపోతోంది. పొద్దున్నే మబ్బులో పోయి గట్టు వెంట తిరిగా. పడమటి కంచె అవతల బాబాయి తోటలో కాయలు గుట్ట, రాలినవి, గుత్తదారు ఏరి పారేసినవి, అన్నీ ఒకచోట పోసి వదిలేశారు. కర్రతో కదిపితే కింద మట్టి కదులుతోంది. నా మిగతా సీసాల కన్నా ఈ కంచె దగ్గర సీసాలో మూడింతలు ఎందుకు పడుతున్నాయో ఇప్పుడు తెలిసింది.

మా తోట మాత్రం శుభ్రమా అంటే, కాదు. రాలిన కాయలు గొడ్లు తింటాయిలే అని మేమూ వదిలేసేవాళ్లమే.

ఆరోజే మా కాయలన్నీ ఏరి రెండు గోతాల్లో పోసి మూతి కట్టి షెడ్డులో పెట్టా. మధ్యాహ్నం అమ్మ పిలిస్తే పోయి చూశా, సిమెంటు గచ్చు మీద బియ్యపు గింజంత తెల్ల పురుగులు, ఒక్కొక్కటి విల్లులా వంగి తలా తోకా కలిపి టపీమని జానెడు ఎగిరి పడుతోంది. గోతం అల్లిక సందుల్లోంచి వచ్చేశాయి. కోడిపిల్లలు పండగ చేసుకున్నాయి. తెలిసిందేమిటంటే గోతం పనికిరాదు, గాలి చొరని పాలిథీన్ సంచే కావాలి, మూతి బిగించి ఎండలో పారేస్తే వారంలో లోపలివన్నీ ఉడికిపోతాయి. లేదా రెండడుగుల లోతు గొయ్యి తీసి పూడ్చాలి. రోహిణి కార్తె ఎండ ఉచితం కాబట్టి సంచులే.

జూన్ 1

బాబాయితో మాట. ఆయన ముందే నా మీద కోపంగా ఉన్నాడు.

"నీ వాసనకి చుట్టుపక్కల ఈగలన్నీ ఈడికే చేరతా ఉండాయంట. మా కాయలు పాడైపోతా ఉండాయి."

"వచ్చేవి మగవి బాబాయ్, అవి గుడ్లు పెట్టవు. గుడ్లు పెట్టేవి మీ గుట్టలో పుడతా ఉండాయి."

"గుట్ట గుత్తదారుది. నాకేం సంబంధం?"

"పుట్టిన ఈగ గుత్తదారు ఇంటికి పోతుందా, మన చెట్టుకు వస్తుందా?"

కాసేపు చుట్ట కాల్చాడు. మాటలతో పని కాదని కంచె దగ్గర గుట్టలోంచి ఒక కాయ తెచ్చి చాకుతో రెండు చెక్కలు చేసి అరుగు మీద పెట్టా. టపీమని ఒకటి ఆయన చుట్ట మీదికే ఎగిరింది. "దీనెమ్మ" అని లేచి నిలబడ్డాడు. సాయంత్రానికి పాలిథీన్ సంచులు ఎక్కడ దొరుకుతాయని ఫోన్. నా దగ్గర మిగిలిన నాలుగు సీసాలు కూడా ఆయన తోటకే కట్టా, రెండో ఎకరా ప్రయోగం ఎలాగూ చెడిపోయింది. అవతలి గట్టు వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు, "చూద్దాంలే" దగ్గరే ఉన్నారు.

బెల్లం నీళ్లలో మలాథియాన్ కలిపి మొదళ్ల మీద అక్కడక్కడా చల్లితే ఆడ ఈగలు కూడా చస్తాయని చదివా. అమ్మ వద్దంది, గట్టు మీద చింతచెట్టుకు తేనెపట్టు ఉంది. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

జూన్ 8

మృగశిర వచ్చింది, చినుకు పడింది. వాన పడితే నేల మెత్తబడి ఈగలు జోరుగా లేస్తాయి. అన్నట్టే సీసాలు ఒక్కసారిగా తొమ్మిది మూతలు. పోయినేడు అయితే ఈ వారమే తోతాపురి మొత్తం పోయింది. ప్లైవుడ్ ముక్కలు రెండు నెలలవుతున్నాయి, లవంగం వాసన చాలా పల్చబడింది, కొత్తవి మార్చా. ఈ పని నెల్లాళ్లకో నెలన్నరకో చేయాల్సింది, ఆలస్యం చేశా.

జూన్ 15

తోతాపురి కోత. ఇరవై కాయలు ముగ్గేస్తే మళ్లీ లెక్క తప్పుతుందని ఈసారి నలభై, చిక్కంతో కోసినవే, రాలినవి కాదు. అమ్మా నేనూ వరండాలో చాపేసుకుని వరసగా కోసుకుంటూ పోయాం. మూడింట్లో పురుగు. ఒకటి అవతలి గట్టు పక్క చివరి చెట్టుది, ఆ గట్టు అవతలి తోట ఇంకా ఎవరూ ఏరడం లేదు.

ఇది సీసాల గొప్పా, కాయలు ఏరినందుకా, బాబాయి గుట్ట ఎత్తేసినందుకా అంటే విడదీసి చెప్పలేను, మూడూ ఒకేసారి చేశా. బంగినపల్లికీ తోతాపురికీ పోలిక కూడా సరి కాదు, తొక్క తేడా ఉంది. నాకనిపించేది మాత్రం, ఏరడమే పెద్ద పని చేసింది, సీసాలు ఈగ ఎక్కడి నుంచి వస్తోందో చూపించాయి. కంచె దగ్గర సీసా లేకపోతే ఆ గుట్ట వైపు పోయేవాణ్నే కాదు.

కాకర పందిరి దగ్గర క్యూ లూర్‌కు ఈగలు తక్కువగానే పడుతున్నాయి, ఈ వాసన మిథైల్ యూజెనాల్ అంత బలంగా లాగదు. అమ్మ కుట్టిన పిందెల్ని రోజూ కోసి సంచిలో వేస్తోంది.

మండీకి పద్దెనిమిది ట్రేలు పోయాయి. అక్కడ కోసి చూశారట, ఏమీ పట్టుకోలేదు. సీసాలు ఇంకా దించలేదు. చెట్ల కింద పాదుల మట్టి ఒకసారి తిరగదోడితే లోపల ఈగగా మారే కోశాలు ఎండకు పైకొస్తాయి, అది వచ్చే ఆదివారం. బాబాయి గొర్రు ఇస్తానన్నాడు, డీజిల్ నాదట.